బ్లాక్‌మూర్ నుంచి బల్మూర్ దాకా: టేబుల్ మీద పుట్టిన కథల ఆట

నేను చెప్పబోయే బ్లాక్‌మూర్ అనే ఊరు పటంలో ఎంత వెతికినా కనబడదు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్ నగరంలో, 1971లో, ఇరవై ఏళ్ళు దాటిన ఒక కుర్రాడు తన అమ్మానాన్నల ఇంటి కింది సెల్లార్‌లో టేబుల్ మీద ఆ ఊరిని కట్టాడు. అతని పేరు డేవ్ ఆర్నెసన్. టేబుల్ మీద ఒక బొమ్మ కోట పెట్టి, స్నేహితులను చుట్టూ కూర్చోబెట్టి, "మీరిప్పుడు ఈ కోట కింద ఉన్న సొరంగంలో ఉన్నారు, చీకటిగా ఉంది, ఏం చేస్తారు?" అన్నట్టుగా కథ నడిపించాడు. ఇవాళ ప్రపంచమంతా ఆడే రోల్ ప్లేయింగ్ ఆటలకు తొలి ఊరు అదే.

మా అమ్మాయి ఆ పేరు చెప్పినప్పుడు నాకు బల్మూర్ అనే వినబడింది. "మన ఊరి పేరు అమెరికా వాళ్ళకెట్లా తెలుసు?" అని అడిగితే అది పడీ పడీ నవ్వింది. మా బల్మూర్ నాగర్‌కర్నూల్ జిల్లాలో, అచ్చంపేట పక్కన, నల్లమల అంచున ఉంటుంది. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చేదాకా మేము మహబూబ్‌నగర్ జిల్లావాళ్ళం. అడవి, గుట్టలు, గుహలు, చెంచు పెంటలు, పులులు అన్నీ మా చుట్టూ నిజంగానే ఉన్నాయి కాబట్టి టేబుల్ మీద కట్టుకోవాల్సిన అవసరం మాకు రాలేదు.

ఈ ఆట గురించి రాయడానికి ఒక కారణం ఉంది. మన పిల్లలు చాలామంది ఫోన్ పట్టుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, "నేను కత్తి తీస్తున్నా", "నేను వాడితో మాట్లాడి చూస్తా" అంటుంటే గుండె ఝల్లుమన్న తల్లులు నాకు తెలుసు. అది ఏ ఆటో, ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే భయపడాలో వద్దో మనమే తేల్చుకోవచ్చు. అందుకే ఈసారి వంట కబుర్లు పక్కన పెట్టి కాస్త చరిత్ర చెప్పుకుందాం.

ముందు ఆట ఏమిటో చూద్దాం. నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ చెప్పే మనిషి, ఆ మనిషిని గేమ్ మాస్టర్ అంటారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. ఒకరు వైద్యురాలు, ఒకరు దొంగ, ఒకరు వీరుడు, ఇలా. తమ పాత్రకు బలమెంత, తెలివెంత, మాటనేర్పు ఎంత అనేది ప్రతివాళ్ళూ ఒక కాగితం మీద రాసుకుంటారు. కథ చెప్పే మనిషి సన్నివేశం చెప్పగానే ఆటగాళ్ళు తామేం చేస్తారో చెబుతారు. అనుకున్నది జరుగుతుందో లేదో తెలియని చోట పాచిక వేస్తారు. సలేశ్వరం లోయలోకి దిగుతున్నారనుకోండి. రాయి మీద కాలు జారుతుందా? పాచిక వేసి చూడాలి. పడితే కథ ఆగిపోదు, ఇంకోలా సాగుతుంది. ఈ ఆటలో గెలుపు, ఓటమి ఉండవు. కథ ఎటు పోయిందన్నదే ఆట.

ఇందులో వాడే పాచికకు ఇరవై ముఖాలుంటాయి. చూస్తే వింతగా ఉంటుంది గానీ లెక్క మాత్రం మన గవ్వల లెక్కే. అష్టా చెమ్మాలో నాలుగు గవ్వలు వేస్తాం కదా. గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందనుకుంటే నాలుగు గవ్వలు 16 రకాలుగా పడవచ్చు. అందులో రెండు పడే దారులు 6. నాలుగూ వెల్లకిలా పడే దారి ఒక్కటే, నాలుగూ బోర్లా పడే దారి ఒక్కటే. అందుకే ఎన్నిసార్లు వేసినా "మళ్ళీ రెండేనా" అని విసుక్కుంటాం, చెమ్మా గానీ అష్టా గానీ పడితే ఎగిరి గంతేస్తాం. ఈ ఆటలో పాత్ర బలం తేల్చడానికి తొలి రోజుల్లో మామూలు పాచికలు మూడు వేసి కలిపేవాళ్ళు. అవి 216 రకాలుగా పడతాయి. పద్దెనిమిది వచ్చే దారి అందులో ఒక్కటే, పది వచ్చే దారులు 27. అంటే మామూలు మనుషులు ఎక్కువ, మహాబలులు అరుదు. లోకం కూడా అంతే కదా!

పాచిక అనగానే మన ఇళ్ళల్లో ముఖం ముడుచుకునే పెద్దలుంటారు. మహాభారతం విన్నవాళ్ళం, జూదం కొంపలు ముంచుతుందని తెలిసినవాళ్ళం. హరప్పా తవ్వకాల్లో మట్టి పాచికలు దొరికాయి. ఋగ్వేదంలో ఒక జూదరి తన గోడు వెళ్ళబోసుకున్న సూక్తం ఉంది. అప్పుడు పాచికలుగా వాడినవి తానికాయలు. మనం త్రిఫల చూర్ణంలో కరక్కాయ, ఉసిరికాయతో కలిపి వేసే తానికాయే అది. అంటే మూడు వేల ఏళ్ళ క్రితమే ఆటలోని ఆనందమూ దాని ప్రమాదమూ మనవాళ్ళకు తెలుసు. అయితే ఒక తేడా గమనించాలి. ఈ కథల ఆటలో పాచిక మీద డబ్బు కాయరు. పాచిక తేల్చేది ఆస్తిని కాదు, కథలో తరువాతి మలుపుని.

అదే మహాభారతంలో విరాటపర్వం గుర్తు తెచ్చుకోండి. ఏడాది పాటు ఆరుగురూ వేరే మనుషులుగా బతకాలి. జూదంలో సర్వం పోగొట్టుకున్న ధర్మరాజు, పాచికల్లో నేర్పరి అయిన కంకుభట్టు అయ్యాడు. భీముడు వంటవాడు, అర్జునుడు నాట్యం నేర్పే బృహన్నల, నకులుడు గుర్రాల దగ్గర, సహదేవుడు ఆవుల దగ్గర. మహారాణి ద్రౌపది, ఇంకో రాణికి జడలల్లే సైరంధ్రి. పాత్ర దాటి బయటికి వస్తే మళ్ళీ పన్నెండేళ్ళ అడవి! తిక్కన తన భారతాన్ని మొదలుపెట్టింది ఈ పర్వంతోనే. వేషం వేసుకుని ఇంకొకరిగా బతికి చూడటంలో ఉన్న ఉత్కంఠ మన తెలుగువాళ్ళకు అప్పటి నుంచీ ఇష్టమే.

ఇక ఆడపిల్లల సంగతి. బొమ్మల పెళ్ళి ఆడని వాళ్ళు మనలో ఎవరున్నారు? ఒకరు పిల్ల తరఫు, ఒకరు పిల్లవాడి తరఫు. కట్నం దగ్గర బేరాలు, మర్యాదల దగ్గర అలకలు, వియ్యపురాలి మూతివిరుపులు, చివరికి బెల్లం ముక్కతో భోజనాలు. ఎవరు ఏమనాలో ముందే రాసిపెట్టి ఉండదు, ఆడుతూ ఆడుతూ కథ పుడుతుంది. పోతన భాగవతంలో రుక్మిణి చిన్నతనాన్ని చెప్పేచోట కూడా చెలికత్తెలతో బొమ్మల పెళ్ళిళ్ళు, గుజ్జెనగూళ్ళు కనిపిస్తాయి. రోల్ ప్లేయింగ్ అని అమెరికా వాళ్ళు పేరు పెట్టినదాన్ని మన పిల్లలు చింతచెట్టు కింద ఏ పేరూ లేకుండానే ఆడారన్నమాట.

ఈ ఆటలకు చరిత్రలో చోటు ఇచ్చినవాడు మన పాలమూరు మనిషే. గద్వాల ప్రాంతపు సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో గోలకొండ పత్రిక పెట్టారు, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. ఆయన 1949లో తెచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు, ఆయన పోయాక, 1955లో తెలుగులో మొట్టమొదటి సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. రాజుల యుద్ధాలను పక్కనబెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏం ఆడారు అని పాత కావ్యాల్లోంచి ఏరి కూర్చిన పుస్తకం అది. మూడు పులులు, పదిహేను మేకలతో ఆడే పులిజూదం, వామనగుంటలు, వైకుంఠపాళి లాంటివి పనికిమాలిన ఆటలు కావనీ, అవి కూడా చరిత్రేననీ నాకు ధైర్యం వచ్చింది ఆయన వల్లే. పాత గుళ్ళ మండపాల్లో బండల మీద చెక్కిన పులిజూదం గీతలు చూసినప్పుడల్లా, అక్కడ కూర్చుని ఆడిన మనుషులు నాకు కళ్ళ ముందు మెదులుతారు.

అయితే పడమటి దేశాల్లో ఈ ఆట పుట్టింది బొమ్మల పెళ్ళి నుంచి కాదు, యుద్ధం నుంచి. 1812లో ప్రష్యాలో ఫాన్ రైస్విట్స్ అనే ఆయన, టేబుల్ మీద కొండలు, నదులు, సైన్యాలు పేర్చి ఆడే యుద్ధపు ఆటను రాజుగారికి చూపించాడు. ఆయన కొడుకు 1824లో దాన్ని పటాల మీద ఆడేలా మార్చాడు. రెండు పక్షాల వాళ్ళూ ఆజ్ఞలిస్తారు, మధ్యలో ఒక పెద్దమనిషి పాచికలు వేసి ఏం జరిగిందో తేల్చి చెబుతాడు. ఆ మధ్యవర్తే తరవాత తరవాత కథ చెప్పే గేమ్ మాస్టర్ అయ్యాడు. 1913లో హెచ్.జి. వెల్స్ బొమ్మ సైనికులతో ఇంట్లో నేల మీద ఆడే ఆటకు నియమాలు రాసి చిన్న పుస్తకం వేశాడు. దాని అట్ట మీదే, ఇది మగపిల్లలకు, అలాగే మగపిల్లల ఆటలంటే ఇష్టపడే కాస్త తెలివైన రకం ఆడపిల్లలకు అనే అర్థం వచ్చేట్టు రాశాడు. చదివి నాకు నవ్వూ వచ్చింది, చిరాకూ వచ్చింది.

చిరాకెందుకంటే, ఆయనకు దాదాపు తొంభై ఏళ్ళ ముందే ఇంగ్లండులో ఒక ఇంట్లో ఆడపిల్లలు బొమ్మ సైనికులతో ఇంతకంటే పెద్ద ఆట ఆడేశారు. 1826లో పాట్రిక్ బ్రాంటీ అనే పాదరీ తన కొడుకు కోసం ఒక పెట్టె చెక్క సైనికులను తెచ్చాడు. పిల్లలు నలుగురూ తలా ఒక సైనికుణ్ణి తీసుకుని పేర్లు పెట్టారు. వాళ్ళకు రాజ్యాలు కట్టారు, పటాలు గీశారు, అగ్గిపెట్టె అంత పుస్తకాల్లో వాళ్ళ చరిత్రలు రాశారు. ఆ నలుగురిలో ముగ్గురు షార్లెట్, ఎమిలీ, ఆన్. ఆ తరవాత జేన్ ఐర్, వదరింగ్ హైట్స్ లాంటి నవలలు రాసిన అక్కచెల్లెళ్ళు వాళ్ళే. ఎమిలీ, ఆన్ ఇద్దరూ గోండాల్ అని సొంతంగా ఒక దీవి కల్పించుకున్నారు. 1845లో ఇద్దరూ కలిసి యార్క్ ప్రయాణం పెట్టుకున్నప్పుడు కూడా దారి పొడవునా గోండాల్ మనుషులుగా నటిస్తూ వెళ్ళారని ఎమిలీయే రాసుకుంది. అప్పటికి ఎమిలీకి ఇరవై ఆరేళ్ళు. మన దగ్గరైతే ఆ వయసుకి చంకలో ఇద్దరు పిల్లలు. "ఇంకా ఆటలేంటి" అనేవాళ్ళు పదిమంది.

మళ్ళీ అమెరికాకు వద్దాం. 1969లో మిన్నెసోటాలోనే డేవ్ వెస్లీ అనే ఆయన యుద్ధపు ఆటకు ఒక మార్పు చేశాడు. అందరికీ సైన్యాలు ఇవ్వకుండా, బ్రౌన్‌స్టైన్ అనే ఊహా పట్టణంలో ఒకరిని నగర పెద్దను, ఒకరిని బ్యాంకు యజమానిని, ఒకరిని విశ్వవిద్యాలయ అధికారిని చేశాడు. ఆట మొదలవగానే ఎవరికి వాళ్ళు చాటుకు వెళ్ళి మంతనాలు, కుట్రలు! ఆట చెయ్యిదాటి గందరగోళమైపోయిందని ఆయన అనుకున్నాడు గానీ ఆడినవాళ్ళు మళ్ళీ ఎప్పుడు అని వెంటపడ్డారు. ఆ ఆటగాళ్ళలో ఒకడు డేవ్ ఆర్నెసన్. బ్లాక్‌మూర్ అలా వచ్చింది.

ఇంకో మనిషి విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊళ్ళో ఉండే గ్యారీ గైగాక్స్. 1970లో ఆయనకు ఇన్సూరెన్స్ కంపెనీలో ఉద్యోగం పోయింది. ఇంట్లో పిల్లలు, చేతిలో డబ్బు లేదు, సెల్లార్‌లో కూర్చుని చెప్పులు, బూట్లు కుట్టి సంసారం లాగాడు. మిగతా సమయమంతా ఆటలే. ఆయన భార్య మేరీ జో గురించి ఒక కథ చెబుతారు. రోజూ రాత్రి మాయమవుతున్నాడు, ఇంకెవరితోనో తిరుగుతున్నాడని అనుమానం వచ్చి, నిండు చూలాలు వెతుక్కుంటూ వెళ్ళిందట. తీరా చూస్తే ఎవరిదో సెల్లార్‌లో స్నేహితులతో టేబుల్ చుట్టూ కూర్చుని పటాలు చూస్తున్నాడట. చరిత్ర పుస్తకాలు ఆ ఆట గొప్పతనం చెబుతాయి. ఆ రాత్రి ఆవిడ ఇంటికి తిరిగొచ్చి ఏమనుకుందో ఎవరూ రాయలేదు. నా మనసు మాత్రం అక్కడే ఆగిపోయింది. మొగుడు ఆటలో ఉంటే ఇల్లు నడిపిన మనిషి కూడా ఆ చరిత్రలో భాగమే కదా.

1972లో ఆర్నెసన్ వచ్చి గైగాక్స్‌కు తన బ్లాక్‌మూర్ ఆట ఆడి చూపించాడు. ఇద్దరూ కలిసి నియమాలు రాశారు. గైగాక్స్ ఇంట్లో ఆ నియమాలను పరీక్షించిన తొలి ఆటగాళ్ళు ఆయన పిల్లలు ఎర్నీ, ఎలీస్. అంటే మొదటి బల్ల దగ్గరే ఒక ఆడపిల్ల కూర్చుని ఉంది. పెద్ద కంపెనీలు వద్దన్నాక స్నేహితుడు డాన్ కేతో కలిసి గైగాక్స్ టి.ఎస్.ఆర్. అనే చిన్న సంస్థ పెట్టాడు. 1974 జనవరిలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ బయటికొచ్చింది. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, ధర 10 డాలర్లు, మొత్తం 1,000 పెట్టెలు. వాటిని చేత్తోనే సర్ది అమ్మారు. మన ఆడవాళ్ళు ఇంట్లో పచ్చళ్ళ సీసాలు సర్ది అమ్మినట్టే!

ఆ తరవాతి కథలో ఆడవాళ్ళ పేర్లు వెతికి పట్టుకోవాలి, కానీ ఉన్నాయి. 1975లో లాస్ ఏంజెలిస్‌లో లీ గోల్డ్ అనే ఆవిడ అలారమ్స్ అండ్ ఎక్స్‌కర్షన్స్ అనే నెలవారీ సంచిక మొదలుపెట్టారు. ఆటగాళ్ళు తమ ఆటల ముచ్చట్లు, నియమాల మీద తగాదాలు, సలహాలు కాగితాల మీద రాసి ఆవిడకు పంపేవాళ్ళు. ఆవిడ అన్నీ కలిపి కుట్టి అందరికీ పోస్టులో వేసేవారు. ఇంటర్నెట్ లేని రోజుల్లో దూరదూరాల ఆటగాళ్ళు ఒకరినొకరు పలకరించుకున్నది ఆవిడ ఇంటి టేబుల్ మీదుగానే. ఒకటి రెండేళ్ళు కాదు, దాదాపు యాభై ఏళ్ళ పాటు నడిపారు. 1979లో జీన్ వెల్స్ టి.ఎస్.ఆర్.లో ఆటలు రూపొందించే విభాగంలో చేరిన మొదటి మహిళ అయ్యారు. 1983లో వచ్చిన రావెన్‌లాఫ్ట్ అనే భయానక కథను లారా హిక్మన్, ఆవిడ భర్త ట్రేసీ కలిసి తయారుచేశారు. ఆలుమగలు కలిసి రాసిన ఆ కథను ఇప్పటికీ ఆడుతున్నారు. 1984లో మార్గరెట్ వైస్, అదే ట్రేసీతో కలిసి డ్రాగన్‌లాన్స్ నవలలు రాశారు.

ఇక మన తల్లులకు పట్టే విషయం. 1979లో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పదహారేళ్ళ తెలివైన విద్యార్థి ఒకడు కనబడకుండా పోయాడు. విశ్వవిద్యాలయం కింది సొరంగాల్లో ఈ ఆట ఆడుతూ తప్పిపోయాడని పత్రికలు రాసేశాయి. అతను దొరికాడు. అసలు సంగతి చదువు ఒత్తిడి, ఒంటరితనం, మనసులో దిగులు అని తరవాత తెలిసింది. కానీ భయం అప్పటికే పాకిపోయింది. 1982లో కొడుకును ఆత్మహత్యకు పోగొట్టుకున్న పాట్రీషియా పుల్లింగ్ అనే తల్లి, దానికి ఈ ఆటే కారణమని నమ్మి మరుసటి ఏడాది ఒక సంఘం పెట్టి దేశమంతా ప్రచారం చేసింది. ఆట వల్ల పిల్లలు ప్రాణాలు తీసుకుంటారని ఎన్నడూ రుజువు కాలేదు. అయినా ఆవిడను వెక్కిరించడానికి నాకు నోరు రాదు. బిడ్డ పోయిన తల్లి ఏదో ఒక కారణం వెతుక్కుంటుంది. నాకు బాధ కలిగేది వేరే చోట. అందరూ ఆట వైపు వేలు చూపిస్తూ ఉంటే, పిల్లల మనసులో దిగులు గురించి అడిగేవాళ్ళు తగ్గిపోయారు. ఇవాళ మన ఇళ్ళల్లోనూ "అంతా ఫోన్ వల్లే" అనేస్తే పని అయిపోతుంది. పిల్ల ఎందుకు తిండి సరిగా తినడం లేదు, ఎందుకు మాట్లాడటం లేదు అని కూర్చుని అడగడమే కష్టమైన పని.

ఆట ఫోన్‌లోకి రావడం కూడా ఒక్కరోజులో జరగలేదు. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే విద్యార్థులు కంప్యూటర్‌లో చాలామంది ఒకేసారి మాటలు టైపు చేస్తూ ఆడే కథల ప్రపంచాన్ని తయారుచేశారు. 2012లో ఇంటర్నెట్‌లోనే టేబుల్, పటం, పాచికలు అన్నీ ఉండే రోల్20 వచ్చింది. 2015లో క్రిటికల్ రోల్ అనే బృందం తాము ఆడుతుంటే జనం చూసేలా ప్రసారం మొదలుపెట్టింది. 2016లో స్ట్రేంజర్ థింగ్స్ సీరియల్‌లో పిల్లలు ఈ ఆట ఆడటం చూసి మన పిల్లలకు మోజు పుట్టింది. 2020 లాక్‌డౌన్‌లో ఇళ్ళల్లో ఇరుక్కున్నవాళ్ళు వీడియో కాల్‌లో ఆడుకున్నారు. మా అమ్మాయి హైదరాబాద్ హాస్టల్లో, దాని స్నేహితురాలు వరంగల్‌లో, మా ఆడపడుచు కొడుకు డాలస్‌లో ఉంటారు. ఆదివారం ఉదయం ఇక్కడ, శనివారం రాత్రి అక్కడ. తెలుగు, ఇంగ్లీషు కలిపి కొట్టి మరీ ఆడతారు. ఫోన్ చేస్తే రెండు ముక్కల్లో పెట్టేసే మేనల్లుడు ఆటలో మూడు గంటలు మాట్లాడతాడు.

ఈ ఆటగాళ్ళు పాటించే ఒక పద్ధతి నాకు బాగా నచ్చింది. ఆట మొదలుపెట్టేముందే అందరూ కూర్చుని, ఈ కథలో ఏముండాలి, ఏముండకూడదు అని మాట్లాడుకుంటారు. ఒకరికి పాములంటే భయం, ఒకరికి పిల్లలకు హాని జరిగే కథ వద్దు, ఇలా. జాన్ స్టావ్రోపౌలోస్ అనే ఆయన తెచ్చిన ఇంకో పద్ధతి, టేబుల్ మధ్యలో ఎక్స్ గుర్తు వేసిన కార్డు పెట్టడం. ఎవరికైనా కథ ఇబ్బందిగా అనిపిస్తే ఆ కార్డు ముట్టుకుంటే చాలు. ఎందుకని ఎవరూ అడగరు, కథను అక్కడి నుంచి పక్కకు తిప్పేస్తారు. "నాకిది వద్దు" అని సంజాయిషీ ఇవ్వకుండా చెప్పగలగడం మన ఆడపిల్లలకు ఆటలోనైనా అలవాటు కావడం మంచిదే కదా.

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా అమ్మాయి ఆ ఆటను మా ఇంట్లో పెట్టింది. కథ చెప్పేది అది. ఆడేది నేను, మా ఆయన, మా అత్తమ్మ. కథ మన అడవిలోనే. వానలకు గుట్ట విరిగి ఒక గుహ బయటపడింది, లోపల గోడ మీద ఏవో అక్షరాలు. మా అత్తమ్మ మొదట గొణిగింది. "గవ్వలు లేవు, గళ్ళు లేవు, గెలిసుడు లేదు. గిదేం ఆటనే పిల్లా?" అంది. "నానమ్మా, ఈ కథలో నువ్వెవరో చెప్పు. వీరనారివా, మంత్రసానివా, రాణివా? నీ ఇష్టం" అంది మా అమ్మాయి.

అత్తమ్మ చాలాసేపు ఆలోచించింది. "పట్వారిని" అంది. "నేను సదువుకున్నదాన్ని. ఊరి లెక్కలన్ని నేనే రాస్త."

మాలో ఎవరికీ నోట మాట రాలేదు. మా అత్తమ్మ బడి గడప తొక్కలేదు. తెలంగాణ పల్లెల్లో పట్వారి అంటే భూమి ఎవరిదో కాగితం మీద రాసే మనిషి. 1984లో ఆ ఉద్యోగాలు రద్దయ్యేదాకా ఊళ్ళో ఎవరికి బువ్వ, ఎవరికి గోస అన్నది ఆ రాతలో ఉండేది. వేలిముద్ర వేసేవాళ్ళకు ఆ రాతలో ఏముందో తెలిసేది కాదు. తన పుట్టింటివాళ్ళ చెలక ఒకటి అలా కాగితంలో చేతులు మారిపోయిందని అత్తమ్మ ఎప్పుడో చెప్పింది. కత్తి పట్టే పాత్ర, కిరీటం పెట్టుకునే పాత్ర ఇస్తామంటే వద్దని, కలం పట్టే పాత్ర అడిగింది.

గుహలో గోడ దగ్గరికి అందరికంటే ముందు అత్తమ్మే నడిచింది. "చదవాలంటే పన్నెండు దాటాలి నానమ్మా" అని మా అమ్మాయి ఇరవై ముఖాల పాచిక ఇచ్చింది. ఏడు పడింది. "అక్షరాలు పాతవి, చెరిగిపోయాయి" అంది కథ చెప్పే పిల్ల. అత్తమ్మ ఊరుకోలేదు. "దీపం దగ్గరికి పట్టుండ్రి. తడి బట్టతోని తుడువుండ్రి. మల్ల సదువుత" అంది. మళ్ళీ వేస్తే పదిహేను. ఏం రాసి ఉందో నువ్వే చెప్పు నానమ్మా అని మా అమ్మాయి తన పని అత్తమ్మకే వదిలేసింది. అత్తమ్మ గోడ వైపు చూస్తున్నట్టు కళ్ళు చిన్నవి చేసి, సర్వే నంబరు లాగా ఏదో చెప్పి, ఆ భూమి ఎవరిదో పేరు చదివింది. అది వాళ్ళమ్మ పేరు.

ఆ తరవాత కథ ఇంకో గంట నడిచింది. మా ఆయన పాత్ర ఎలుగుబంటికి చిక్కి నానా తంటాలు పడింది, నేను వైద్యం చేశాను, అందరం నవ్వుకున్నాం. మరునాడు అత్తమ్మ ఏమీ జరగనట్టే పప్పులు బాగుచేస్తూ కూర్చుంది. రెండు రోజులయ్యాక మాత్రం మా అమ్మాయిని పిలిచి, తన పేరు కాగితం మీద పెద్దగా రాసిమ్మంది. ఇప్పుడు మధ్యాహ్నం పూట పాత నోటుబుక్కులో దాని మీద దిద్దుతోంది.

మీరూ ఆడి చూడాలనుకుంటే పెద్ద ఖర్చేమీ లేదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ముఖ్య నియమాలు 2023 నుంచి ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ఇచ్చారు. అవి కూడా అక్కర్లేదంటే మన గవ్వలు చాలు. ఒక వైపు అరగదీసిన చింతగింజలైనా సరే. నాలుగు వేయండి. రెండు వెల్లకిలా పడితే పని అయీ కానట్టు, మూడు పడితే అయినట్టు, నాలుగూ పడితే అద్భుతంగా అయినట్టు, అంతకు తక్కువైతే ఇబ్బంది వచ్చినట్టు అనుకోండి. కథకు మీ ఊరి గుట్ట, మీ ఊరి చెరువు, అమ్మమ్మ చెప్పిన దయ్యం చాలు. పిల్లలు ఆన్‌లైన్లో ఆడుతుంటే ఎవరెవరితో ఆడుతున్నారో పేర్లతో సహా తెలుసుకోండి, తెలియనివాళ్ళకు ఇంటి అడ్రసు, ఫోటోలు ఇవ్వొద్దని చెప్పండి, నిద్ర వేళ దాటనివ్వకండి. వీలైతే ఒకరోజు పక్కన కూర్చుని వినండి.

అన్నిటికంటే ముందు, ఇంట్లో పెద్దావిడను ఆటలోకి పిలవండి. రాను అంటుంది, మోకాళ్ళ నొప్పులంటుంది, నాకేం తెలుస్తదంటుంది. అయినా పీట వేసి కూర్చోబెట్టి, ఈ కథలో నువ్వెవరవుతావని ఒక్కసారి అడిగి, ఆవిడ జవాబు చెప్పేదాకా ఓపిగ్గా ఆగండి.